గోంగూరలో మందు సరే, బోరు నీళ్ళ సంగతేంటి?

ఈసారి ఉత్తరం ఒంగోలు నుంచి వచ్చింది. రాసినావిడకి 33 ఏళ్ళు, జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతారు. భర్తది బ్యాంకు ఉద్యోగం, నాలుగున్నరేళ్ళ బాబు ఉన్నాడు. అత్తమామలు కనిగిరి దగ్గర పల్లెలో ఉంటారు. బోరు కింద రెండెకరాల మిరప, గట్ల వెంట ఇంటికి సరిపడా కూరగాయలు. పది పదిహేను రోజులకోసారి గోంగూర, వంకాయలు, చిక్కుడుకాయలు, దంచిన కారం, పసుపు ఒక గోతంలో కట్టి బస్సులో పంపిస్తుంటారు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మామయ్య మిరపకి మందు కొట్టడం, పక్కనే గోంగూర మడి ఉండటం ఈవిడ చూశారు. ఒంగోలు రాగానే ఆ గోంగూరని ఒక ప్రైవేటు ల్యాబుకి పంపించారు. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కిలోకి 0.12 మిల్లీగ్రాములు అని, పరిమితి 0.01 అని, ఎర్ర అక్షరాల్లో రిపోర్టు వచ్చింది. మిగతా 38 మందులకి ఎన్‌డీ, అంటే దొరకలేదు అని ఉంది. అప్పటినుంచి బాబు ఏం తింటున్నాడో ఎక్సెల్‌లో రాసుకుంటున్నారు. అన్ని మందులూ కలిపి కిలోకి 0.50 అని తేలిందట, నిద్ర పట్టడం లేదట. గోతం వచ్చినప్పుడల్లా ఎవరికీ చెప్పకుండా వాచ్‌మన్ ఇంటికి ఇచ్చేస్తున్నారు. మొన్న అత్తమ్మ ఒంగోలు వస్తే వాచ్‌మన్ భార్య ఎదురొచ్చి "మీ తోట వంకాయలు బాగున్నాయమ్మా, పిల్లలు ఇష్టంగా తింటున్నారు" అంది. ఆవిడ ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయారు, ఇప్పటిదాకా ఫోన్ లేదు. భర్త కోపంగా ఉన్నారు. ఏటా ఎండాకాలం బాబు రెండు నెలలు నాయనమ్మ దగ్గరే ఉంటాడు, ఈసారి పంపను అని ఈవిడ, పంపాల్సిందే అని ఆయన. బాబు బరువు 14 కిలోలు, తక్కువగా ఉన్నాడని డాక్టరు అన్నారట. ఈమధ్య ముద్ద నోట్లో పెట్టబోతే "ఇందులో మందుందా అమ్మా?" అని అడుగుతున్నాడట.

"నా లెక్క తప్పా? నాకే పిచ్చి పట్టిందా, లేక వీళ్ళకే పట్టింపు లేదా? పంపాలా, వద్దా?" ఇదీ ప్రశ్న.

అమ్మా, మీకు పిచ్చేమీ పట్టలేదు. తినేదాంట్లో ఏముందో తెలుసుకోవాలనుకోవడం తప్పూ కాదు, కెమిస్ట్రీ చదివిన మనిషి ల్యాబుకి పంపకుండా ఎలా ఉంటుంది. అయితే మీ ఉత్తరంలో రెండు గొడవలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుపోయి ఉన్నాయి, ఒకటి లెక్కది, ఒకటి అత్తమ్మది. లెక్క తేలితే రెండోది కొంత తేలికవుతుంది కాబట్టి ముందు దాన్నే చూద్దాం.

ఆ 0.50 ఎలా వచ్చిందో మీరే రాశారు, దొరకలేదన్న 38 మందులకీ ఒక్కోదానికి 0.01 చొప్పున వేసుకుని, దానికి 0.12 కలిపారు. అంటే మిమ్మల్ని నిద్రపోనివ్వని అంకెలో ముప్పాతిక వంతు, ల్యాబు లేదని చెప్పిన మందులది! ఇలా లెక్క వేయడం అసలు ఉండదని కాదు. దొరకనిదాన్ని సున్నా అనుకుని ఒకసారి, మిషను పట్టగలిగిన కనిష్ఠం మేరకు ఉందనుకుని ఒకసారి, రెండు రకాలుగా వేసి నిజం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుందని నిపుణులు చెబుతారు. మీరు పై అంకె ఒక్కటే వేసి అదే నిజమనుకున్నారు. పైగా వేర్వేరు మందుల మిల్లీగ్రాముల్ని అలా కూడకూడదు. ఒక్కో మందు విషం ఒక్కో తీరు, అందుకే దేన్ని దాని సొంత పరిమితితో భాగించాక, అదీ శరీరంలో ఒకే చోట ఒకేలా పనిచేసేవాటినే కూడతారు. నిద్రమాత్రలూ జెలుసిల్ బిళ్ళలూ కలిపి లెక్కపెట్టి ఇన్ని మింగాడు అంటే డాక్టరుకి ఏం అర్థమవుతుంది చెప్పండి.

ఇంకో సంగతి, రిపోర్టులో ఎర్రగా ఉన్న ఆ 0.01. విడిగా పరిమితి పెట్టని పంట, మందు జతలకి మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వేసే సాధారణ అంకె అది. ఆ పంట మీద ఆ మందు వాడాల్సింది కాదు, వాడినట్టున్నారు అని పట్టుకోవడానికి పనికొస్తుంది. అది దాటితే అమ్మేవాడిది తప్పే, నేను కాదనను. కానీ అది దాటిన ఆకు తిన్న పిల్లాడికి ఏమవుతుంది అన్నది వేరే ప్రశ్న. దానికి మూడు సంగతులు కావాలి: ఆకులో ఎంత ఉంది, వాడు ఎంత తిన్నాడు, వాడి బరువెంత. మొదటిది మీ దగ్గరుంది, మూడోదీ ఉంది. రెండోదానికి మాత్రం మీరు పోషకాహార పట్టిక చూసి రోజుకి 100 గ్రాముల ఆకుకూర అని వేశారు. అది పెద్దవాళ్ళకి తినమని చెప్పే లెక్క. నాలుగున్నరేళ్ళ వాడు, అందులోనూ ముద్ద ముద్దకీ బతిమాలించుకునేవాడు, రోజూ వంద గ్రాముల గోంగూర తింటాడా? గోంగూర పప్పు చేసిన రోజున వాడి పళ్ళెంలోకి వచ్చే ఆకు ముప్పై గ్రాములుంటే గొప్ప.

ఆ ముప్పై గ్రాములతోనే వేద్దాం. 0.12ని 0.03 కిలోలతో గుణిస్తే 0.0036 మిల్లీగ్రాములు. వాడి 14 కిలోలతో భాగిస్తే కిలో బరువుకి 0.00026 దగ్గర తేలుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నడిపే నిపుణుల బృందం ఇమిడాక్లోప్రిడ్‌కి 2001లో పెట్టిన పరిమితి కిలో బరువుకి రోజుకి 0.06. అంటే మీ వాడికి అందింది అందులో నూటికి అర వంతు కూడా కాదు. ఆ 0.06 ఎక్కడిదంటే, ఎలుకలకి రెండేళ్ళు పెట్టినా ఏ తేడా కనిపించని మోతాదుని నూరుతో భాగించి పెట్టింది, రోజూ, జీవితాంతం తినేవాడిని దృష్టిలో పెట్టుకుని. మీ ఇంట్లో గోంగూర వారానికి రెండుసార్లకి మించి వండరని మీరే రాశారు. ఒక్క కట్ట పరీక్షతో ఆ మడి సంగతంతా తెలిసిపోదు, ఇంకో కట్టలో ఇంతకి పదింతలు ఉండొచ్చు. ఉన్నా కూడా పరిమితిలో ఇరవయ్యో వంతు దాటదు.

ఇక్కడితో ఆపేసి, అనవసరంగా టెన్షన్ పడ్డారు, పంపించేయండి అని రాసేద్దామనుకున్నాను. కానీ మీ ఉత్తరం నాలుగో పేజీలో, అత్తగారి ఊళ్ళో శుభ్రత లేదని కోపంగా రాసుకుంటూ పోతూ ఒక మాట అనేశారు: "అక్కడ పిల్లలందరికీ గారపళ్ళే, పళ్ళ మీద సుద్ద పూసినట్టు తెల్ల మచ్చలు, కొందరికి గోధుమరంగు చారలు, బ్రష్ కూడా సరిగ్గా చేయించరు. వీడు వాళ్ళతోనే బోరు దగ్గర ఆడి ఆ నీళ్ళే తాగుతాడు." ఇంకో చోట అత్తమ్మ నడుం వంగదని, కింద కూర్చుంటే లేవలేరని కూడా ఉంది.

అమ్మా, మీరు కెమిస్ట్రీ లెక్చరరు, కనిగిరి కోడలు. పిల్లలందరికీ అలాంటి మచ్చలున్నాయంటే అది బ్రష్ చేయకపోవడం వల్లే కాకపోవచ్చు, నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ళు అలాగే అవుతాయి, ఎంత తోమినా పోవు. ఆ వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి మన జిల్లాలో తెలియనివాళ్ళు లేరు, ఎన్నికలొచ్చినప్పుడల్లా వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ మాటతో పాటు ఆ మాటా వినిపిస్తూనే ఉంటుంది. మీ అత్తగారి బోరులో ఎంతుందో నాకు తెలియదు, పళ్ళు చూడకుండా రోగం పేరు పెట్టను. కానీ మీ ఎక్సెల్‌లో గోంగూరకి వరస ఉంది, వంకాయకుంది, కారానికుంది, నీళ్ళకి లేదు.

ఒక అంకె అనుకుని చూడండి. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరులో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. బోరులో 3 ఉందనుకుందాం. ఎండాకాలం ఆడుకునే పిల్లాడు లీటరు నీళ్ళు తేలిగ్గా తాగుతాడు. అన్నం ఉడకడానికి పోసినవి, పప్పులోవి, చారులోవి, మజ్జిగలో కలిపినవి అంతా కలిపి ఇంకో అర లీటరు వేసుకోండి. లీటరున్నర, మూడుతో గుణిస్తే నాలుగున్నర మిల్లీగ్రాములు. నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి రోజుకి 2.2 మిల్లీగ్రాములు మించకూడదని అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1997లో పెట్టింది. అంటే రెట్టింపు. గోంగూర నూటికి అర వంతు దగ్గర ఆగిపోతే ఇది నూరు దాటి రెండొందలకి చేరింది, అదీ ఎవరూ అనుమానపడని చెంబులోంచి.

రెండు నెలలకే పళ్ళు పాడైపోతాయని అనడం లేదు. ఏడాదిలో పది నెలలు మీ దగ్గర క్యాన్ నీళ్ళు తాగుతాడు, ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగే పిల్లలతో పోల్చలేం. కానీ రాబోయే పెద్ద పళ్ళ మీది పింగాణీ పొర చిగుళ్ళ లోపల తయారయ్యేది ఈ వయసులోనే, ఎనిమిదేళ్ళ లోపే. మచ్చ పడేదీ అప్పుడే, తర్వాత పడదు.

మరిగిస్తే పోతుందని అత్తమ్మ అనొచ్చు. పోదు, నీళ్ళు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కనవుతుంది. చింతపండు తింటే ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోతుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2002లో చూపించారు, మన పులుసులకి ఆ గుణం ఉండటం సంతోషమే, కానీ అది నీళ్ళు మార్చడానికి బదులు కాదు.

కొంచెం మోతాదైతే ఏదైనా ఫర్వాలేదని నేనన్నట్టు అనుకోకండి. అత్తమ్మ పంపే పసుపు మట్టి రంగులో ఉందని పక్కన పెట్టి, బజార్లో నిగనిగలాడే కొమ్ములు కొని మర ఆడించుకుంటున్నానని రాశారు కదా, అది నాకు నచ్చలేదు. కొమ్ములకి ఆ మెరుపు రావడానికి కొన్నిచోట్ల లెడ్ క్రోమేట్ పూస్తారు, అందులో ఉండేది సీసం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పసుపులో సీసానికి కిలోకి 10 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. అంతే ఉన్నా, పిల్లాడి కడుపులోకి రోజుకి అర గ్రాము పసుపు వెళ్తే 5 మైక్రోగ్రాముల సీసం వెళ్ళినట్టు. పిల్లలకి రోజుకి 2.2 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అంటుంది. సీసానికి ఇంతలోపు క్షేమం అన్న గీత గీయలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2010లో తమ పాత పరిమితినే వెనక్కి తీసుకున్నారు. మీ కొమ్ముల్లో ఉందో లేదో నాకేం తెలుసు, కానీ డబ్బులు పెట్టి ఒక్క వస్తువే పరీక్ష చేయించాలంటే నేను ఆకుకూరలన్నీ వదిలేసి ఆ పసుపు పంపిస్తాను. అది తేలేదాకా అత్తమ్మ పసుపే వాడండి.

సరే, ఇప్పుడు పంపాలా వద్దా.

పంపకపోవచ్చు. అది మీ హక్కు, కానీ ఇప్పుడున్న కారణంతో పంపకపోతే, నా కూరగాయలు విషం అన్నారు అన్న మాట అత్తమ్మ మనసులో జీవితాంతం ఉండిపోతుంది. బాబు తిండి కూడా ఇప్పుడు తెల్లన్నం, పెరుగు, యాపిల్, బిస్కెట్లకి వచ్చేసింది. యాపిల్ ఎక్కడో కాశ్మీరులో కోసి నెలల తరబడి కోల్డ్ స్టోరేజీలో ఉండి వచ్చింది, దానికి రిపోర్టు ఎందుకు తీయించలేదు? తెలిసిన మడిలోది భయమేసింది, తెలియని తోటలోది భయమేయలేదు. 14 కిలోల పిల్లాడికి ఆకుకూర, పప్పు, చేప తగ్గిపోవడం ఆ 0.12 కంటే పెద్ద నష్టమని నా అభిప్రాయం. మెర్క్యురీ భయంతో చేపలు మొత్తం మానేశారు కదా, సొర, వంజరం లాంటి పెద్ద వేటచేపలు వాడికి తగ్గించండి, నెత్తళ్ళు, కవళ్ళు నిశ్చింతగా పెట్టండి, చిన్న చేపల్లో అది బాగా తక్కువ.

గొడవెందుకని నోరుమూసుకుని పంపేయొచ్చు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, నీళ్ళు మాత్రం అవే ఉంటాయి.

అత్తమామల్నే ఒంగోలు రమ్మనొచ్చు. గేదెలున్నవాళ్ళు, పొలం ఉన్నవాళ్ళు పది రోజులు దాటి ఉండలేరు, మీకూ తెలుసు.

నీళ్ళ సంగతి తేల్చుకుని పంపడం ఇంకో దారి. జిల్లాలో గ్రామీణ నీటి సరఫరా శాఖకి నీటి పరీక్ష ల్యాబులున్నాయి, లీటరు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టుకెళ్ళి ఇస్తే చేస్తారు, మీ కూరగాయల పరీక్షకి పెట్టిన దాంట్లో చాలా చిన్న ముక్క. చాలా పంచాయతీల్లో కిట్లు కూడా ఉంటున్నాయి, రంగు చూసి అప్పటికప్పుడు చెప్పేస్తారు. ఊళ్ళో ఆర్‌వో ప్లాంటు ఉంటే ఆ క్యాన్ నీళ్ళూ ఒక సీసా ఇవ్వండి, ఫిల్టర్లు మార్చక ఏళ్ళవుతున్నవి ఉంటాయి. ఎక్కువని తేలితే అసలు పట్టుకోవాల్సింది వంట దగ్గర. ఆ ఊళ్ళలో తాగడానికి క్యాన్ తెప్పించుకుని, అన్నం, పప్పు, టీ మాత్రం బోరు నీళ్ళతోనే చేస్తారు. మనం వేసిన లెక్కలో మూడో వంతు ఫ్లోరైడ్ అలా వెనక గుమ్మంలోంచి వచ్చేస్తుంది. రోజుకి ఇంకో క్యాన్ ఖర్చు, దాన్ని మోసే మనిషి, ఇవన్నీ ఉంటాయి. మళ్ళీ వంక పెడుతోంది అనే ప్రమాదం కూడా ఉంటుంది.

అందుకే ఆ మాట మీ ఆయన ఎత్తాలి, మీరు కాదు. అదీ బాబు పేరుతో కాకుండా, అమ్మ నడుం పేరుతో ఎత్తితే మేలు. అబద్ధం ఆడమని కాదు. ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోవడం నిజం. ఆవిడది వయసు వల్లే కావచ్చు, నీళ్ళ వల్ల కావచ్చు, డాక్టరు చూసి చెప్పాలి. బాబు ఉండేది రెండు నెలలు, ఆవిడ తాగేది పన్నెండు నెలలూ ఆ నీళ్ళే.

మీరు చెప్పాల్సిన మాట వేరే ఉంది. ఆవిడకి ఇమిడాక్లోప్రిడ్ అక్కర్లేదు, రిపోర్టు అక్కర్లేదు, చూపించకండి. ఆవిడకి గుచ్చుకున్నది చెప్పకుండా ఇచ్చేయడం. నాకింకోటి కూడా గుచ్చుకుంది, దాస్తే బాగుండదు: మీ బాబుకి విషమని తీసేసినవి వాచ్‌మన్ పిల్లలకి ఎలా ఇచ్చారు? లెక్క ప్రకారం వాళ్ళకేం కాలేదు, కానీ ఇచ్చినప్పుడు మీకు ఈ లెక్క తెలియదు కదా. దాని గురించి నేనింకేం అనను. అత్తమ్మతో మాత్రం "భయపడ్డాను అత్తమ్మా, మీతో చెప్పాల్సింది, చెప్పకుండా ఇచ్చేశాను, తప్పే" అంటే చాలు, ఫోన్లో కాదు, వెళ్ళి. తిడతారు. తిట్టనివ్వండి, మాట్లాడకపోవడం కంటే నయం.

మామయ్య సంగతి ఒకటి మిగిలింది. లుంగీ పైకి కట్టి, చెప్పుల్లేకుండా, మూతికి గుడ్డయినా లేకుండా మందు కొడుతున్నారని రాశారు. ఈ ఇంట్లో మందు ఎవరికి ఎక్కువ ఎక్కుతోందంటే ఆయనకే, చర్మం మీంచి, ఊపిరిలోంచి. పళ్ళెంలోకి వచ్చేది దాని ముందు లెక్కలోకి రాదు. చేతులకి గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, మాస్కు మీరే కొనిపెట్టండి. డబ్బా మీద కొట్టాక కోతకి ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది, ఆ రోజుల లెక్క గోంగూర మడికి కూడా పాటించమని, వీలైతే మడిని మిరపకి గాలి వచ్చే వైపుకి, దూరంగా మార్చమని అడగండి, రైతుకి అది కొత్త మాటేం కాదు. ఇమిడాక్లోప్రిడ్ మొక్క లోపలికి పీల్చుకునే మందు, ఉప్పు నీళ్ళలో నానబెట్టినా పూర్తిగా పోదు. కొళాయి కింద బాగా రుద్ది కడిగితే పైపైది పోతుంది, అంతే.

బాబు ముందు మాత్రం మందు అనే మాట ఇక ఎత్తకండి, ఎక్సెల్ రాసుకోవాలంటే వాడు పడుకున్నాక రాసుకోండి. నీళ్ళ రిపోర్టు వచ్చాక 1 లోపుంటే ఏమీ ఆలోచించకుండా పంపండి. 1కీ 1.5కీ మధ్యనైతే వాడికి తాగేది క్యాన్ నీళ్ళు పెట్టి పంపొచ్చు. 1.5 దాటితే వంట కూడా క్యాన్ నీళ్ళతోనే జరిగేలా మీ ఆయన మాటిచ్చాకే బస్సెక్కించండి. మూడు, నాలుగు అలా వస్తే ఆ కాగితం పంచాయతీలో కూడా ఒకటి ఇచ్చి రండి, ఆ బోరు దగ్గర ఆడుకునే మిగతా పిల్లలకి ఒంగోలు తిరిగి వెళ్ళే వీల్లేదు.